వీధి అరుగు, మెట్లు, పంచ చూరు: ఇరుగుపొరుగు కలిసి మరమ్మతు చేసుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత వీధుల్లో ఇంటి ముందు అరుగులు పగులుతున్నాయని, మేస్త్రిని పెట్టి పూత వేయించినా మరుసటి వానాకాలానికే అది పెచ్చులుగా లేచిపోతోందని చాలామంది అడుగుతున్నారు. ఒక అరుగు మీద తాపీ పని సాధారణంగా రెండు రోజుల్లో అయిపోతుంది. అరుగు నిలవడం, నిలవకపోవడం మాత్రం ఎక్కువగా ఆ రెండు రోజులకు ముందు చేసే సిద్ధతలోను, తరువాత నీళ్లతో తడపడంలోను తేలిపోతుంది. ఈ రెండూ మేస్త్రి చేతిలో లేని పనులు, ఇరుగుపొరుగు చేతిలో ఉన్న పనులు. పిల్లలు విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఊళ్లో పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లలో ఈ సాయం లేకపోతే మరమ్మతు సగంలోనే చెడిపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో తాపీ పనితో పాటు, ఏ పని ఎవరు చేయాలన్నది కూడా వరుసగా రాస్తున్నాను.

1. కాలం నిర్ణయించుకోవడం

మన జిల్లాలలో అరుగు పనికి సంక్రాంతి తరువాతి రోజుల నుంచి మార్చి వరకు ఉన్న కాలం అన్నింటికంటె మంచిది. వాన భయం తక్కువగా ఉంటుంది, ఎండ కూడా మాలును (ఇసుకతో కలిపిన సిమెంటు లేదా సున్నం ముద్దను) ఒక్కసారిగా ఆర్చేసేంత తీవ్రంగా ఉండదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లందరూ సంక్రాంతికి ఇళ్లకు వస్తారు గనుక, ఏయే ఇళ్ల అరుగులు చూడాలో ఆ నాలుగు రోజుల్లోనే మాట్లాడుకుని, పండుగ వెళ్లాక పని మొదలుపెట్టవచ్చు.

అక్టోబరు, నవంబరు నెలలను వదిలేయాలి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన తీరాన్ని తాకాయి. ఆ నెలల్లో చూరు విప్పి ఉంచడం ప్రమాదం. విజయనగరం వాళ్లకు మరొక సంగతి ఉంది. విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరేగింపు దారి పొడవునా జనం అరుగులు, మెట్లు, మేడలు ఎక్కి నిలబడతారు. పదిమంది కూర్చునే అరుగు మీద ఆ రోజు ముప్పైమంది నిలబడవచ్చు. బీటలిచ్చిన అంచు, కదిలే పలక ఉన్న ఇళ్లవాళ్లు ఆ పండుగకు కనీసం నెల ముందే పని ముగించుకోవాలి.

2. అడగడం, ఒప్పుకోవడం

ఒకే వీధిలో మూడు నాలుగు అరుగుల పని ఒకేసారి పెట్టుకుంటే ఇసుక, చిప్స్ (సన్న కంకర) ఒకే బండిలో దిగుతాయి, మేస్త్రి కూడా చిన్న పని అని వాయిదా వేయడు. అయితే ఇంటివారి ఇష్టం లేకుండా, నలుగురి ఎదుట వారి అరుగు పాడైందని చెప్పి పని మొదలుపెట్టకూడదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను విడిగా కలిసి, "పిన్నీ, మా అరుగు పని పెడుతున్నాం, మేస్త్రి ఎలాగూ వస్తాడు, మీ మెట్టు కూడా ఆ పనిలోనే చూసేద్దామా?" అని అడిగితే చాలు. వారు ఇవ్వగలిగిన డబ్బు ఎంతైనా లెక్కల పుస్తకంలో రాసి, లెక్క చూపించాలి.

మేస్త్రికి, కూలీలకు మాత్రం పూర్తి కూలి ఇవ్వాలి. ఇరుగుపొరుగు సాయం అన్నది మన మధ్య ఉండేదే కాని, కూలి మీద బతికేవారిని తగ్గించమని అడగడానికి అది కారణం కాకూడదు.

అరుగు కింద మురుగు కాలువ ఉన్నట్లయితే, లేదా అరుగు కాలువ మీదికి వచ్చి ఉన్నట్లయితే, పనికి ముందే వార్డు సచివాలయంలో గాని, గ్రామ సచివాలయంలో గాని అడిగి తెలుసుకోవాలి. కాలువ మీద కదలని పలక ఎప్పుడూ పోయకూడదు. పూడిక తీయడానికి వచ్చేవారు ఎత్తి మళ్లీ పెట్టగలిగేలా, చిన్న చిన్న పలకలుగా వేయించాలి.

3. నీటి దారి చూడటం

ఇది తక్కిన అన్నింటికంటె ముఖ్యమైన అంచె. నీళ్లు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో చూడకుండా పూత వేయిస్తే, ఎంత మంచి సిమెంటు వాడినా ఫలితం ఉండదు.

రెండు బిందెల నీళ్లు అరుగు మీద, గోడకు దగ్గరగా మెల్లగా పోయండి. నీళ్లు వీధి వైపు జారితే వాటం (వాలు) సరిగా ఉన్నట్టు. నిలిచిన చోట సుద్దతో గీత గీయండి. గోడ వైపు తిరిగి వస్తే పైభాగం అంతా తిరిగి పోయవలసిందే.

తరువాత వీధి మట్టం చూడాలి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదనే సిమెంటు రోడ్డు వేసిన వీధుల్లో రోడ్డు పెరిగి అరుగు కుంగినట్లు కనిపిస్తుంది. అలాంటి చోట అరుగు ఎత్తు పెంచాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. పెంచే ముందు గడప ఎత్తు కొలవండి. అరుగు పైభాగం గడప కంటె కనీసం నాలుగు అంగుళాలు కిందనే ఉండాలి, లేకపోతే జల్లు నేరుగా ఇంట్లోకి వస్తుంది. అంత తేడా మిగలకపోతే అరుగును అలాగే ఉంచి, రోడ్డుకు అరుగుకు మధ్య చిన్న కాలువ తీయడమే మార్గం.

చూరు నీళ్లు పడే గీత కూడా చూడాలి. చూరు అరుగు అంచుకంటె కనీసం ఆరు అంగుళాలు ముందుకు ఉంటేనే అంచు నిలుస్తుంది. చూరు నీళ్లు సరిగ్గా అంచు మీదనే పడుతుంటే, ఏటా పగిలేది ఆ అంచే.

4. అరుగును పరీక్షించడం

సుత్తి పిడితో గాని, రూపాయి బిళ్లతో గాని అరుగు మొత్తం అడుగడుగునా తట్టి చూడండి. గట్టి శబ్దం వచ్చిన చోట పూతను వదిలేయవచ్చు. డొల్ల శబ్దం వచ్చిన చోట పైకి బాగున్నట్లు కనిపించినా తీసివేయాలి.

పగుళ్లకు అడ్డంగా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, నెల రోజుల తరువాత చూడండి. గీత రెండు ముక్కలూ ఎదురెదురుగానే ఉంటే అది పై పగులు. ముక్కలు జరిగితే పునాది కదులుతోందని అర్థం. రేగడి నేల ఉన్న ఊళ్లలో వానాకాలంలో నేల ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. దానిని పూతతో కప్పకుండా ఇంజనీరుకు చూపించాలి.

గోడ కట్టుబడి దేనితో జరిగిందో తెలుసుకోవడం మరొక పని. పెచ్చు ఊడిన చోట ఇటుకల మధ్య మేకుతో గీకండి. మట్టి రాలితే అది మట్టి కట్టుబడి, తెల్లని పొడి రాలితే సున్నం కట్టుబడి. ఈ రెండు రకాల గోడలకు సిమెంటు పూత వేయవద్దు. సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు, ఆ చెమ్మ గోడను లోపలే మెత్తబరుస్తుంది, చివరికి పూత మొత్తం పలకగా ఊడి వస్తుంది. పాత పెంకుటిళ్లలో నేను చూసిన పాడైన మరమ్మతులలో ఎక్కువ భాగం ఇలాంటివే. అక్కడ బాగా నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపిన మాలే వాడాలి.

అరుగు నుంచి ద్వారబంధం వరకు మట్టి గొట్టాలు పాకి ఉంటే అవి చెదలు. వాటిని గీకి, చెదల మందును డబ్బా మీద చెప్పిన మోతాదులోనే నీళ్లలో కలిపి పోయించాలి. బావి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఈ మందు వాడకుండా, తెలిసినవారి సలహా తీసుకోవాలి.

5. సామాను, దాని పరీక్ష

పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న అరుగుకు రెండు అంగుళాల కాంక్రీటు, దాని మీద ముప్పావు అంగుళం పూత, ముందు గోడకు అర అంగుళం పూత వేయడానికి ఈ సామాను సరిపోతుంది.

- సిమెంటు 50 కిలోల బస్తాలు రెండు
- జల్లించిన ఏటి ఇసుక ఆరు ఘనపుటడుగులు
- చిప్స్ ఐదు ఘనపుటడుగులు
- అంచు కట్టడానికి ఇటుకలు, పాడైన మేరకు
- గోనె సంచులు, పాత బకెట్లు, రబ్బరు చేతి తొడుగులు

నాగావళి, వంశధార ఇసుక మంచిదే అయినా, ఏ రేవు నుంచి వచ్చినా మట్టి శాతం చూడాలి. గాజు సీసాలో సగం వరకు ఇసుక వేసి, ఉప్పు కలిపిన నీళ్లు నిండా పోసి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన మట్టి పొర విడిగా తేలుతుంది. ఆ పొర మందం ఇసుక మందంలో పన్నెండో వంతు మించితే ఆ ఇసుకను కడిగి వాడాలి, లేదా తిప్పి పంపాలి. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో దగ్గరగా దొరుకుతుందని సముద్రపు ఇసుక వాడవద్దు. అందులోని ఉప్పు గోడ మీద తెల్లగా పైకి తేలుతుంది, లోపలి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది.

రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి, నడుం ఎత్తు నుంచి జారవిడిస్తే పగలకూడదు. వాడే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేసుకుంటుంది, అప్పుడు పట్టు ఉండదు.

6. పని పంచుకోవడం

ఇరుగుపొరుగు చేయగలిగినవి: సామాను దించడం, ఇసుక జల్లించడం, ఇటుకలు నానబెట్టడం, డొల్ల పూత విప్పడం, శిథిలాలు ఎత్తడం, నీళ్లు అందించడం, పని అయ్యాక తడపడం, పిల్లలను దూరంగా ఉంచడం.

మేస్త్రి మాత్రమే చేయవలసినవి: మట్టం కట్టడం, ఇటుక కట్టుబడి, కాంక్రీటు, పూత, మెట్ల కొలత. పెంకులు సర్దడానికి ఆ పని తెలిసినవారినే పిలవాలి. సాయం చేయాలన్న ఉత్సాహంతో అలవాటు లేనివారు పెంకుల మీదికి ఎక్కకూడదు. పాత వాసం ఎక్కడ పుచ్చిందో పైనుంచి కనిపించదు.

చూరు దగ్గరగా కరెంటు సర్వీసు తీగ వెళుతుంటే నిచ్చెన వేయకముందే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోను చేసి సరఫరా ఆపించాలి. తీగకు కర్ర అడ్డుపెట్టి పని కానిచ్చేయడం ఎవరికీ క్షేమం కాదు.

7. ముందుగా చూరు

పని ఎప్పుడూ పైనుంచి కిందికి రావాలి. అరుగు పోసిన తరువాత చూరు విప్పితే జారిన పెంకు కొత్త అరుగును పగలగొడుతుంది.

చూరు చివర వాసాలను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మొన సులువుగా దిగితే ఆ వాసం మార్చాలి. తాటి వాసాల్లో పైన నల్లని చేవ గట్టిగా ఉండి లోపల గుల్లబారడం మామూలే కాబట్టి, చివరి కోత వైపు నుంచి కూడా గుచ్చి చూడాలి.

తుపాను గాలి పెంకులను కిందికి నొక్కదు, చూరు కింద దూరి పైకి లేపుతుంది. అందువల్ల చూరు వైపు మొదటి రెండు వరుసల పెంకులను తుప్పు పట్టని తీగతో పట్టెకు (పెంకులు ఆనే సన్న చెక్కకు) కట్టించండి. ఈ కట్టు ఒకటి రెండు గంటల పనే అయినా, చాలా ఇళ్లలో చేయించనిది ఇదే. వాసం గోడ మీద ఆనే చోట కూడా ఇనుప పట్టీ వేసి బిగించాలి.

పంచకు పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని పొడిగా కోయడం, రంధ్రం వేయడం మానుకోండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తప్పనిసరి అయితే రేకును తడిపి, ముక్కు కప్పుకుని, విరగకుండా దించాలి.

8. విప్పడం, పూడ్చడం, పోయడం

డొల్ల పూత మొత్తం తీశాక అరుగు లోపలి పూడిక చూడండి. మెత్తని మట్టి కుంగి ఖాళీ ఏర్పడి ఉంటే, ఆ మట్టిని ఎత్తివేసి, విరిగిన ఇటుక ముక్కలు, ఇసుక కలిపి నింపాలి. ఆరు అంగుళాలకు ఒక పొర చొప్పున వేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. మొత్తం ఒకేసారి నింపి పైన కొడితే అడుగు వదులుగానే ఉండిపోతుంది.

అంచు ఇటుకలు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక మాలుతో కట్టించండి. కూర్చునే అరుగుకు వీధి నుంచి పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తు సుఖం. అంతకంటె తక్కువైతే మోకాళ్ల నొప్పులున్నవారు లేవలేరు.

పైభాగం కాంక్రీటుకు సిమెంటు 1, ఇసుక 2, చిప్స్ 4 పాళ్లు. పాళ్లన్నింటినీ ఒకే తట్టతో కొలవాలి, సిమెంటుకు బకెట్టు, ఇసుకకు పార అంటే లెక్క తప్పుతుంది. నీళ్లు బస్తాకు 25 నుంచి 28 లీటర్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. పని సులువుగా సాగుతుందని పలచగా కలిపితే పైన సిమెంటు పాలు (పాలలా పలుచని సిమెంటు నీళ్లు) తేలి, ఆరాక పొడిగా రాలుతుంది. కలిపిన మాలును గంటలోపు వాడాలి, గట్టిపడిన దానిలో మళ్లీ నీళ్లు పోసి వాడనివ్వకూడదు.

వాటం నాలుగు అడుగులకు ఒక అంగుళం చొప్పున వీధి వైపు ఉండాలి. గోడ మీద ఒక నూలు తాడు, అంచు మీద ఒక నూలు తాడు కట్టించి, పోయకముందే మీరు స్వయంగా కొలవండి.

గోడకు అరుగుకు మధ్య పావు అంగుళం సందు వదిలి, ఆరాక సాగే గుణం ఉన్న సీలెంటుతో నింపించాలి. ఇంటి పునాది లోతు, అరుగు పునాది లోతు వేరు కాబట్టి రెండూ ఒకే తీరుగా కుంగవు. కలిపేస్తే పగులు తప్పదు.

పూత ముగింపు విషయంలో ఇంటివారిని అడగాలి. వడియాలు, మిరపకాయలు ఆరబెట్టుకునేవారికి నున్నని అరుగు కావాలి, అది సరే. మెట్లు మాత్రం ఎవరి ఇంటి ముందైనా గరుకుగానే ఉండాలి. నునుపు పెట్టిన గ్రానైటు టెక్కలిదైనా మరెక్కడిదైనా తడి మెట్టు మీద జారుతుంది.

9. మెట్లు, పట్టుకొమ్మ

మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు, పాదం పెట్టే వెడల్పు పన్నెండు అంగుళాలు ఉండేలా చూడండి. అన్ని మెట్లూ సమానంగా ఉండటం ఇంకా ముఖ్యం. రోడ్డు పెరిగిన వీధుల్లో అడుగు మెట్టు సగం పూడిపోయి మూడు అంగుళాలే మిగులుతుంది, పెద్దవాళ్లు తూలేది అక్కడే. ఆ ఒక్క మెట్టును సర్దడం కుదరదు, మొత్తం ఎత్తును తిరిగి సమంగా పంచాలి.

పెద్దవాళ్లున్న ఇంటికి ఒకటిన్నర అంగుళం ఇనుప గొట్టంతో, మెట్టు నుంచి రెండు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున పట్టుకొమ్మ పెట్టించండి. అరుగు పోసేటప్పుడే దానిని పాతాలి.

10. తడపడం: వంతుల పట్టిక

సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ సిమెంటుకు (బూడిద వంటివి కలిపి చేసిన రకానికి) కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉండాలి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో అయితే 14 రోజులు. ఈ రోజుల్లో మేస్త్రి రాడు, ఇంటివారు పనికి వెళ్లిపోతారు, మధ్యాహ్నం అరుగు ఎండిపోతుంది. వీధి అంతా కలిసి చేయగలిగిన అత్యంత విలువైన సాయం ఈ తడపడమే.

పోసిన మరునాడు పైభాగం మీద మట్టితో చిన్న మడులు కట్టి నీళ్లు నిలపండి. నిలువు గోడకు తడి గోనె సంచులు వేలాడదీయండి. తరువాత ఒక కాగితం మీద ఇలా రాసి తలుపుకు అంటించండి.

- ఉదయం ఆరు గంటలకు: ఇంటివారు
- పదిన్నరకు: ఎదురింటివారు
- మధ్యాహ్నం రెండు గంటలకు: పక్కింటివారు (ఈ వంతు ఎట్టి పరిస్థితిలోను తప్పకూడదు)
- సాయంత్రం ఐదు గంటలకు: బడి నుంచి వచ్చిన పెద్ద పిల్లలు
- రాత్రి: గోనె సంచులు ఆరాయా అని చూడటం, ఇంటివారు

మూడు రోజుల వరకు ఎవరూ ఎక్కకూడదు. వారం తరువాత ఒకరిద్దరు కూర్చోవచ్చు. బైకు ఎక్కించడం, బియ్యం బస్తాలు దించడం, పదిమంది నిలబడటం 28 రోజుల తరువాతనే.

11. తరచు ఎదురయ్యే లోపాలు, వాటి సవరణ

పైభాగం మీద వెంట్రుకంత పగుళ్లు వల వేసినట్లు కనిపిస్తే అది త్వరగా ఆరడం వల్ల వచ్చినది. తడి పెంచి, వారం తరువాత సిమెంటు పాలు పట్టిస్తే సరిపోతుంది.

నీళ్లు ఒక చోట నిలుస్తుంటే, అక్కడ పలుచగా పూత వేస్తే నిలవదు. ఆ భాగాన్ని అర అంగుళం లోతుకు ఉలితో గరుకు చేసి, తడిపి, సిమెంటు పాలు పట్టించిన వెంటనే మాలు వేయాలి.

తెల్లని ఉప్పు తేలితే పొడి బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి లోపలికి పోతుంది. రెండు మూడు సార్లు దులిపినా మళ్లీ తేలుతుంటే చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి, సాధారణంగా అది పగిలిన కాలువ గాని, కారే కుళాయి గొట్టం గాని అయి ఉంటుంది. అది బాగుపడేవరకు రంగు వేయవద్దు.

పనిముట్లు కడిగిన సిమెంటు నీళ్లను మురుగు కాలువలో పోస్తే అడుగున గట్టిపడి కాలువే మూసుకుపోతుంది. ఇసుక కుప్ప మిగిలిన చోట గుంట తీసి అందులో పోసి, గట్టిపడ్డాక ఎత్తి పారవేయాలి. చేతికి అంటిన సిమెంటును, సున్నాన్ని వెంటనే మంచినీళ్లతో కడుక్కోవాలి. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.